సూరీడమ్మ పోయిన తుఫాను

1

గాలి: ఉంది. సముద్రం: ఉండాల్సిన దానికన్నా దగ్గరగా ఉంది. తలుపు: పనిచేస్తోంది.

పై మూడూ రోజూ రాయడం నిబంధన. మిగతాది రాయడం నా ఇష్టం. పైవాళ్ళు ఎలాగూ చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నా పేరు వరహాలమ్మ. ఊరికి వరాలుని. నాలుగో ఉప్పలపేట తుఫాను ఆశ్రయానికి కాపరిని. మొదటి మూడు ఉప్పలపేటలూ సముద్రంలో ఉన్నాయి. నీళ్ళు తేరుకున్న రోజు పడవ మీద వెళ్తే రెండో ఉప్పలపేట నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. దాని మీద ఇప్పటికీ "నీటిని వృథా చేయకండి" అని రాసి ఉంటుంది.

ఆశ్రయానికి ప్రభుత్వం పెట్టిన పేరు చాలా పొడుగు. గుండ్రంగా, బరువుగా, కుండ కింద పెట్టే చుట్టలా ఉంటుందని ఊళ్ళో అందరూ దాన్ని కుదురు అంటారు. కుదురు మాట్లాడుతుంది. పాతకాలం రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. మా ఊరి మాట దానికి అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు.

ఈరోజు తలుపు బందులకు నూనె పెట్టాను. ర్యాంపు మీద కాపురం పెట్టిన మేకల్ని తోలాను. కోళ్ళ కాళ్ళకు సీసపు కడియాలు వదులైపోయాయని ముగ్గురు ఫిర్యాదు చేస్తే బిగించి వచ్చాను. కడియం లేని కోడి మామూలు గాలికే పక్క మండలానికి పోతుంది. తర్వాత దాన్ని ఎవరు వండుకున్నారని తగువు.

గరిటె వస్తోందని కుదురు చెప్పింది. తుఫాన్లకు పేర్లు పెట్టే కమిటీ దగ్గర మనుషుల పేర్లు, పూల పేర్లు, చేపల పేర్లు ఎప్పుడో అయిపోయాయి. జనం బెదిరిపోకుండా ఉండాలని ఇప్పుడు వంటింటి సామాన్ల పేర్లు పెడుతున్నారు. నిరుడు అట్లకాడ మా సరుగుడు తోటను మొదళ్ళతో సహా లేపేసింది. మూకుడు వచ్చి పడవల్ని జీడితోటల్లో దింపింది. రెండూ ఊరి పక్కనుంచే పోయాయి కాబట్టి కుదురు తలుపు మూసే పని ఇంకా పడలేదు. అయినా "అట్లకాడ వస్తోంది, పారిపోండి" అని అరవాలంటే నాకే నవ్వొస్తుంది.

తలుపు సంగతి రాయాలి. ఊళ్ళో నమోదైన మనుషులంతా లోపలికి వస్తే గానీ కుదురు తలుపు మూసుకోదు. ఒక్కరు తక్కువైనా నోరు తెరుచుకునే ఉంటుంది. మూడో ఉప్పలపేటలో ఉన్న పాత ఆశ్రయం అలా కాదు. నీళ్ళు దగ్గరికి రాగానే ఎవరున్నారు, ఎవరు లేరు అని చూడకుండా మూసుకునేది. మా ఆయన ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పిలుస్తూ ఉండగా మూసుకుంది. ఆ తర్వాత నిబంధన మార్చారు. నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు. అందుకే బందులకు రోజూ నూనె పెడతాను, ఎవరూ అడగకపోయినా.

2

గాలి: లేచింది. సముద్రం: గోల చేస్తోంది. తలుపు: తెరిచి ఉంది, లోపలికి ఒక్కరూ రాలేదు.

ఉదయం గరిటె సైరను మోగింది. ఫోన్లు మోగాయి. కుదురు గొంతెత్తి, "ప్రజలారా, తక్షణమే ఆశ్రయమునకు తరలి రండి" అని ఊరంతా దద్దరిల్లేలా చదివింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మేకలు మాత్రం వచ్చాయి.

ఒళ్ళు మండి ఊళ్ళోకి పరుగెత్తాను. చూస్తే ప్రతి ఇంటి అరుగు మీదా జనం బుద్ధిగా కూర్చుని ఉన్నారు. అందరూ స్నానాలు చేశారు. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకున్నారు. పక్కన మూటలు సర్ది పెట్టుకున్నారు. పిల్లలకు పౌడరు కూడా రాశారు.

నీలవేణి పిన్ని అరుగు దగ్గర ఆగాను. ఊళ్ళో ఏ శుభకార్యానికైనా ఆమే పెద్ద ముత్తయిదువ. ఆమె కదిలితే ఊరు కదులుతుంది.

"సైరను ఇనబడ్నేదేటి పిన్నీ?"

"ఎందుకినబడదూ? సెవులు పగిలిపోనాయి."

"మరి రారేటి?"

"ఎవులు పిలిసినారు?"

"సైరను పిలిసింది గదా!"

"మైకులో అరిస్తే పిలుపైపోద్దేటి? మొన్న మా మనవరాలి పెళ్ళి ఆ కుదురులోనే సేసినాం. ఇల్లిల్లూ తిరిగి బొట్టెట్టి పిలిసినాను. అప్పుడొచ్చినారు జనం. పిలవని సోటుకి మూటట్టుకుని ఎలాగెల్తాం? మాకు సిగ్గు నేదేటి?"

పక్క అరుగుల మీద వాళ్ళు కూడా తలలూపారు. తప్పు కొంత గాలిది. ఊళ్ళో గాలికి లేవని కప్పు కుదురుకి ఒక్కదానికే ఉంది. అందుకని నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళు, బారసాలలు, ఓణీల వేడుకలు అన్నీ అందులోనే చేస్తున్నారు. జనం దృష్టిలో అది ఫంక్షన్ హాలు. ఫంక్షన్ హాలుకి పిలుపు లేకుండా ఎవరెళ్తారు? ప్రాణం పోతుందని తెలిసినా మర్యాద పోగొట్టుకోరు.

మధ్యాహ్నానికి గరిటె దానంతటదే ఒడిశా వైపు తిరిగింది. జనం పట్టుచీరలు మడతపెట్టుకుని లోపలికెళ్ళారు. పిలవకపోవడం నా తప్పే అన్నట్టు ఇద్దరు నాతో మాట్లాడ్డం మానేశారు.

3

గాలి: బాగుంది. సముద్రం: ఏదో ఆలోచిస్తోంది. తలుపు: నూనె పెట్టాను.

జరిగింది పైవాళ్ళకు రాశాను. తిడతారనుకుంటే ఆశ్చర్యంగా మెచ్చుకున్నారు. స్థానిక సంస్కృతిని గౌరవించాలట. రాత్రికి రాత్రే కుదురుకి కొత్త పాఠాలు పంపారు.

పొద్దున్నే కుదురు గొంతు సవరించుకుంది. "కాపరి గారూ, నేను ఆహ్వానించుట నేర్చుకొంటిని."

నేను వద్దనే లోపే ఊరందరి ఫోన్లకూ పత్రిక వెళ్ళిపోయింది. ఇదీ ఆ పత్రిక:

"శ్రీరస్తు, శుభమస్తు. ఆగ్నేయ బంగాళాఖాతమున జన్మించిన చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి జల్లెడ తుఫాను మన తీరమును దాటు శుభ సందర్భమున తామెల్లరూ సకుటుంబ సపరివార సమేతంగా ఆశ్రయమునకు విచ్చేసి, ప్రాణములు దక్కించుకొని, మమ్ము ఆనందింపజేయ ప్రార్థన. విందు: పులిహోర పొట్లములు. కానుకలు స్వీకరించబడవు."

ఊళ్ళో దుమారం లేచింది. ఫోన్లో పంపేది పట్నంలో ఉండే చుట్టాలకట. ఊళ్ళోవాళ్ళకి గడపలోకి వచ్చి బొట్టు పెట్టి చెప్పాలట. "అంటే మమ్మల్ని పరాయోళ్ళకింద కట్టేసినారన్నమాట" అని నీలవేణి పిన్ని మూతి ముడుచుకుంది. సరే, నువ్వే నేర్పు అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత అనిపించింది.

కుదురు దగ్గర ఒక బండి ఉంది. నాలుగు చక్రాలు, ఒక చెయ్యి. నీళ్ళ డబ్బాలు మోయడానికి ఇచ్చారు. పిన్ని దానికి కుంకుమ భరిణె పట్టుకోవడం నేర్పింది. మొదటిరోజు అది మేకకు పెట్టింది. కరెంటు స్తంభానికి పెట్టింది. అరుగు మీద కునుకుతీస్తున్న ముసలాయన బట్టతలకు నిలువునా నామంలా గీసింది. మూడోరోజుకి చెయ్యి తిరిగింది. సరిగ్గా కనుబొమల మధ్య పెట్టి, "తప్పక రండి, వదిన గారూ" అని కూడా అంటోంది. ఆడవాళ్ళు ముచ్చటపడిపోయారు.

నేర్పేటప్పుడు పిన్ని ఇంకో పాఠం కూడా చెప్పింది. మొగుడు పోయిన ఆడవాళ్ళకు పెట్టకూడదని. కుదురు బుద్ధిమంతురాలు కదా, నేర్చుకుంది.

సాయంత్రం బండి మా వీధికొచ్చింది. మా గుమ్మంలో మా అత్త సూరీడమ్మ, నేను కూర్చుని చేపలు బాగుచేస్తున్నాం. బండి ఆగింది. చెయ్యి సగం లేచింది. అత్తను చూసింది, నన్ను చూసింది. చెయ్యి దించేసి, "క్షమించండి" అని పక్కింటికి వెళ్ళిపోయింది.

అత్త చేప పొలుసు గీస్తూనే ఉంది. "దానికేటి తెలుసే, ఇనప్ముక్క" అంది. ఇనపముక్కకి చెప్పినవాళ్ళకు తెలుసు కదా.

4

గాలి: ఈదురు. సముద్రం: రోడ్డు దాకా వచ్చి వెళ్ళింది. తలుపు: తెరిచే ఉంది. ఎందుకో కింద రాశాను.

జల్లెడ వచ్చింది. పిలుపు అందుకున్నవాళ్ళంతా దర్జాగా వచ్చారు. కుదురు నాదస్వరం వేసింది. వద్దంటే వినలేదు. మగవాళ్ళు బంతి ఎప్పుడు వేస్తారని అడిగారు. పులిహోరలో పల్లీలు తక్కువని మగపెళ్ళివారి స్థాయిలో పేచీ పెట్టారు.

తలుపు మూసుకోలేదు.

"పదకొండుగురు రావలసి ఉన్నారు" అంది కుదురు.

బయటికెళ్ళి చూశాను. ఆ పదకొండుగురూ ర్యాంపు మీదే ఉన్నారు. మా ఊళ్ళో మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు. అందరి మొగుళ్ళనూ సముద్రమో గాలో పట్టుకుపోయింది. పిలవకపోయినా వచ్చారు, ప్రాణాల మీద తీపి ఉంటుంది కదా. కానీ వాన ధారల్లో నిలబడి ఎవరికి వాళ్ళు వెనక్కి జరుగుతున్నారు.

"నువ్వెల్లు సిన్నమ్మీ."

"నానా? నానెదురొస్తే ఆ పిల్లాపాపలకి మంచిది కాదు. నువ్వెల్లు, నాను ఆకర్నొస్తాను."

"ఆకర్న నాను గదేటి వొచ్చేది! మీ అందరి మొగుళ్ళకన్నా ముందు పోనాడు నా మొగుడు."

శుభం జరిగే చోటికి తాము ముందు అడుగు పెట్టకూడదు, అందరికన్నా వెనక వెళ్ళాలి. చిన్నప్పట్నుంచీ నేర్చుకున్నది అదే. ఇప్పుడు పదకొండుగురిలో ప్రతి ఒక్కరికీ అందరికన్నా వెనక వెళ్ళాలని ఉంది. వరస కదలడం మానేసి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ర్యాంపు దిగి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి నీళ్ళ వైపు. అన్నిటికన్నా వెనకున్నది మా అత్త. ఆఖరి స్థానం కోసం ఆమె పడ్డ పట్టుదల చూస్తే ఎన్నికల్లో నిలబడితే గెలిచేదనిపించింది.

నా సంగతంటారా, జీతం తీసుకునేవాళ్ళకు శకునాలు వర్తించవని ఊరు ఎప్పుడో తీర్మానించుకుంది. నేను తలుపు తుడవాలి కదా మరి.

బతిమాలాను. తిట్టాను. ఇద్దరిని చేతులు పట్టి లాగితే ముగ్గురు వెనక్కి పోయారు. జల్లెడ తీరానికి చేరకముందే నీరసపడింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. తలుపు బార్లా తెరుచుకునే ఉంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ పులిహోర పొట్లాల్లో వాన పడింది. నీలవేణి పిన్ని లోపల్నుంచి వాళ్ళను చూస్తూ కూర్చుంది. రమ్మని ఒక్క మాట అనలేదు, రావద్దనీ అనలేదు. నాకు ఆమె మీద పీకలదాకా కోపం ఉంది.

5

గాలి: లేదు. అదే భయం. సముద్రం: వెనక్కి వెళ్ళి కూర్చుంది. తలుపు: రెండుసార్లు నూనె పెట్టాను.

తిరగలి వస్తోంది. కమిటీ వాళ్ళు పెట్టిన పేర్లలో సరిపోయినది ఇదొక్కటే. ఆరో రకం తుఫాను. ఆరో రకం అంటే ఏమిటని కుదురును అడిగాను. "అయిదింటి వరకే వర్ణించుటకు పదములు కలవు" అంది.

బండికి కుంకుమ నింపి పంపబోతుంటే నీలవేణి పిన్ని అడ్డమొచ్చింది. "నిన్న మూఢం వొచ్చింది, సూసుకోనేదేటి? మూఢంలో బొట్టు పిలుపులేటి?"

"పిన్నీ, తిరగలొత్తంది!"

"వొచ్చేది మూఢంలో వొచ్చింది మరి. నన్నేటి సెయ్యమంటావు?"

మూఢం పోయేదాకా ఊళ్ళో ఎవరూ ఎవరినీ దేనికీ పిలవరు. బొట్టు పెట్టినా ఆ పిలుపు చెల్లదట. కుదురుకి ఈ సంగతి చెప్పాను. "కాపరి గారూ, మూఢము తొలగు వరకు తుఫానును వాయిదా వేయు సాంకేతికత ఇంకను అందుబాటులో లేదు" అని చాలా విచారంగా చెప్పింది.

ఇంటికొచ్చాను. అత్త ఇంటి కప్పు మీది తాళ్ళు బిగిస్తోంది. నేను అరుగు మీద కూలబడి నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఊరంతా కలిసి చచ్చినా తలుపు మూసుకోదు, తలుపు మూసుకోకపోతే లోపలికొచ్చినవాళ్ళు కూడా దక్కరు, ఈసారి ఒక్కరు కాదు అందరూ పోతారు, నీ కొడుకు ఇల్లిల్లూ తిరిగి పిలిచాడు గదా, ఏం లాభం అయింది అన్నాను. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది.

అత్త తాడు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఒలే వరాలూ. పెళ్ళికి పిలవాల, పేరంటానికి పిలవాల. సావుకి పిలవాలేటే?"

"అదేటత్తా?"

"ఎవులింట్లోనైనా సావైతే పిలుపుకోసం కూకుంటారేటి? మూఢం సూస్తారేటి? వొండుతున్న అన్నం దింపేసి పరిగెట్టుకొస్తారు. మాలాటోళ్ళం అందరికన్నా ముందొస్తాం. అక్కడ మాకు అడ్డు నేదు."

"ఇప్పుడు ఎవులు సచ్చినారత్తా?"

"ఎవులూ సావకూడదనే గదా నీ గోల." అత్త చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాను సస్తాను. వొయిసైనోదాన్ని, ఎవులైనా నమ్ముతారు. ఆ నులక మంచం దులుపు."

6

గాలి, సముద్రం, తలుపు: అన్నీ ఒకేసారి జరిగాయి కాబట్టి విడివిడిగా రాయలేను.

అత్తను మంచం మీద పడుకోబెట్టి, మంచాన్ని బండి మీదికెక్కించి, కుదురు దగ్గరికి తోలుకొచ్చాను. ర్యాంపు ఎక్కుతుండగా అత్త ఒక కన్ను తెరిచింది.

"ఒలే, అందరికన్నా ముందు నానే ఎల్తన్నానేటి?"

"నువ్వే."

"అపసకునమే."

"సచ్చినోళ్ళకి సకునాలేటత్తా? కళ్ళు మూసుకో."

ఆ గడప ఆమె దాటడం అదే మొదటిసారి. కుదురు కట్టి నాలుగేళ్ళయింది.

మరణవార్త చదవమంటే కుదురు ఒప్పుకోలేదు. "అసత్య ప్రకటన నిబంధనలకు విరుద్ధము." చదవక్కర్లేదు, మైకు నా చేతికివ్వు చాలు అన్నాను. దానికి నిబంధన ఏదీ దొరకలేదు కాబోలు, ఇచ్చింది.

అత్త కాళ్ళు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాను. నటిద్దామనే మొదలుపెట్టాను. మా ఆయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. శవం దొరకలేదు, ఎవరి మీద పడి ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు పట్టుకోవడానికి కాళ్ళు దొరికాయి. "అత్తోయ్, నన్నొక్కదాన్నీ ఒగ్గేసి ఎల్లిపోనావా" అని మైకులో అరుస్తుంటే అది ఎవరి కోసమో నాకు తెలుసు, అత్తకూ తెలుసు. ఆమె మూసిన కళ్ళ పక్కనుంచి నీళ్ళు కారాయి. పెదాలు కదలకుండా, "మరీ గట్టిగా పట్టుకోకే, కితకితలు" అంది.

ఊరు లేచి వచ్చింది.

ఎవరూ పట్టుచీర కట్టుకోలేదు. ఎవరూ మర్యాద అడగలేదు. సబ్బు నురుగు తలతో ఒకాయన వచ్చాడు. చేతికి అన్నం మెతుకులతో పిల్లలొచ్చారు. ర్యాంపు మీద వెనక్కి నడిచిన ఆడవాళ్ళు అందరికన్నా ముందు లోపలికి వచ్చి, మంచం చుట్టూ కూర్చుని, ఎవరేం చెయ్యాలో పురమాయించడం మొదలుపెట్టారు. నీలవేణి పిన్ని గడప తట్టుకుని పడి, లేచి, ఏడుస్తూ వచ్చింది. వాన అప్పటికే అడ్డంగా కొడుతోంది. ఎవరికీ పట్టలేదు.

"నమోదైన వారందరును లోపల ఉన్నారు" అంది కుదురు. "అందు ఒకరు దివంగతులు. ప్రగాఢ సంతాపము. తలుపు మూయుచున్నాను."

తలుపు మూసుకుంది. నూనె పెట్టిన బందులు చప్పుడు చెయ్యలేదు. నేను దాన్ని చూస్తూ ఇంకా ఏడుస్తూనే ఉన్నాను.

తిరగలి మా మీదికొచ్చి తిరిగింది. నేల అదిరింది. ఆ హోరులో ఊరివాళ్ళు సూరీడమ్మ మంచితనం గురించి చెప్పుకోసాగారు. ఆమె చేతి చేపల పులుసు గురించి ఇద్దరు అబద్ధం కూడా చెప్పారు. నీలవేణి పిన్ని మంచం కోడు పట్టుకుని, "నీ మొగుడు పోనాక నిన్ను ఒక్క పేరంటానికీ పిలవనేకపోనాను సూరీడమ్మా. పిలవాలనే ఉండేది. ఎవులేటనుకుంటారో అని..." అని వెక్కింది.

శవం లేచి కూర్చుంది.

"ఎవులే అనుకునేది? ఊళ్ళో అనుకునేదానివి నువ్వే గదే!"

జనం ఒక్కసారిగా పెట్టిన కేకకు బయట తిరగలి కూడా ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది. అందరూ తలుపు దగ్గరికి పరుగెత్తారు. తలుపు మూసి ఉంది. బయట ఆరో రకం తుఫాను, లోపల సూరీడమ్మ. ఎటూ పోలేక కాసేపటికి అందరూ తిరిగొచ్చి కూర్చున్నారు. పులిహోర పొట్లాలు పంచాను. అత్త రెండు తింది.

7

గాలి: కడిగేసినట్టుంది. సముద్రం: ఊరి చివరి వీధిలో ఉంది. తలుపు: గీతలు పడ్డాయి, పనిచేస్తోంది.

ఇళ్ళు సగానికి పైగా పోయాయి. అయిదో ఉప్పలపేటకు స్థలం చూడాలని అప్పుడే అంటున్నారు. మా ఇల్లు నిలబడింది, అత్త బిగించిన తాళ్ళ వల్లే. మనుషులెవరూ పోలేదు. పోయిన ఒక్క మనిషి కూడా పోలేదు.

చిక్కు మర్నాడు తెలిసింది. బండి మంచినీళ్ళ డబ్బా తెచ్చి మా అత్త మోకాళ్ళకు గుద్దింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ గుద్దింది. అక్కడ మనిషి ఉన్నట్టు దానికి తెలియడం లేదు.

"సూరీడమ్మ గారు దివంగతులైనారు" అంది కుదురు. "మొదట అసత్యమనుకొంటిని, కాని ఊరంతయు విలపించినది. నేను స్వయముగా విని, పై కార్యాలయమునకు తెలిపితిని."

"ఒలే, లేచి కూకుంది గదే! పులిహోర తినింది!"

"భోజనము చేయుట జీవించి ఉన్నందులకు నిదర్శనమని నిబంధనలలో లేదు."

పైవాళ్ళకు రాశాను. ఏకగ్రీవంగా ఏడ్చిన చావును రద్దు చేసే వీలు లేదని జవాబొచ్చింది. సంతాపంగా బియ్యం, పప్పు పంపారు. పదకొండో రోజుకి ఊరివాళ్ళు వాటితో పెద్దకర్మ భోజనాలు పెట్టేశారు, వచ్చిన సరుకు వృథా చెయ్యకూడదని. అత్త తన భోజనానికి తనే వెళ్ళి, పప్పులో ఉప్పు తక్కువని వంకపెట్టి వచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చేతులు కడుక్కుంటుంటే తట్టింది. కుదురు లెక్కలో అత్త లేదు. ఈసారి తుఫానొస్తే మిగతా అందరూ లోపలికి రాగానే తలుపు మూసుకుంటుంది. ఆమె ర్యాంపు మీద ఉన్నా సరే, వెనకెక్కడో నడుస్తున్నా సరే. పాత తలుపు ఆమె కొడుక్కి చేసిందే ఈ తలుపు ఆమెకు చేస్తుంది. ఆమె ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది కదా.

కుదురులోనే ఉండిపో అత్తా అని కాళ్ళా వేళ్ళా పడ్డాను. "ఒకపాలి సచ్చినాను సాల్దేటి? నా ఇల్లొదిలి ఎక్కడికీ రాను" అంది. భయంతో నాకు పని మీద ధ్యాస పోయింది. నీళ్ళు పంచడానికి బండి వెంట వెళ్ళినప్పుడల్లా ఈ మాటే ఎవరో ఒకరి దగ్గర వెళ్ళగక్కాను. వాళ్ళేం చేస్తారని కాదు, ఊరికే ఉండలేక.

8

కవ్వం సైరను ఉదయం మోగింది. నేను కుదురు దగ్గర ఉన్నాను. కాపరి తలుపు దగ్గర నిలబడాలి, అది నిబంధన. నిబంధనను అక్కడే నిలబెట్టి నేను ఇంటికి పరుగెత్తాను. అత్తను భుజాన వేసుకునైనా అందరికన్నా ముందు లోపల పడెయ్యాలని.

వీధి మలుపు తిరిగేసరికి దారి లేదు. ఊరంతా మా ఇంటి ముందే ఉంది.

మూటలతో వచ్చారు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు, కడియాలతో సహా కోళ్ళను పట్టుకుని వచ్చారు. కుదురు లెక్కపెట్టదు కాబట్టి సూరీడమ్మను ఎవరో ఒకరు పిలవాలి, ఇంకెవరూ పిలవరేమోనని ఎవరికి వాళ్ళే బయల్దేరారట. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తెల్లబోయి నిలబడ్డారు.

జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. మా గుమ్మంలో నీలవేణి పిన్ని ఉంది. చేతిలో కుంకుమ భరిణె.

"మూఢం ఇంకా పోనేదు గదా పిన్నీ" అన్నాను. నాకు కోపం ఇంకా మిగిలి ఉంది.

"నోర్మూసుకో" అంది పిన్ని. చెయ్యి బండి చేసినట్టే సగం లేచి ఆగింది. అప్పుడు మా అత్త మొహం ముందుకు పెట్టింది. పిన్ని బొట్టు పెట్టింది.

"సూరీడమ్మా, తుఫానొత్తంది. తప్పకుండా రావాల. పిల్లాపాపల్తో రావాల."

అత్త నుదురు తడుముకుంది. వేలికి అంటిన ఎరుపు చూసుకుంది. పిల్లాపాపలంటే ఇప్పుడు నేనొక్కదాన్నే కాబట్టి నా వైపు చూసింది. వాన జోరుగా మొదలైంది. దూరంగా కుదురు, "ఆశ్రయమున ఎవరును లేరు. కాపరి గారును లేరు. ఇది ఏమి వింత" అని మైకులో వాపోతోంది.

"ఉండండే," అంది అత్త, "సీర మార్సుకొత్తాను."

ఊరంతా వానలో నిలబడింది. వెళ్దాం పదమని ఎవరూ అనలేదు. లోపల్నుంచి పెట్టె మూత తీసిన చప్పుడు వినబడింది. ఆకుపచ్చదా, పసుపుదా అని అత్త కేకేస్తే పిన్ని పసుపుదే అంది. నేను గుమ్మానికి చేరబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

అత్త పసుపు చీరలో ముందు నడిచింది. వెనక మేమంతా.

గాలి: బయట ఉంది. సముద్రం: బయట ఉంది. తలుపు: మూసుకుంది. లోపల లెక్కకన్నా ఒక మనిషి ఎక్కువ ఉన్నారని కుదురు చెప్పిందే చెబుతోంది.